బందరు ఆకాశంలో పసుపు గీత

1868 ఆగస్టు 18 ఉదయం బందరు మీద సూర్యుడు పూర్తిగా మరుగయ్యాడు. అంతకు నాలుగేళ్ళ ముందే, 1864 నవంబరు 1న వచ్చిన తుపాను ఉప్పెన ఈ పట్నాన్నీ చుట్టుపక్కల పల్లెల్నీ ముంచి దాదాపు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఆ గాయం ఇంకా మానని ఊరికి మద్రాసు అబ్జర్వేటరీ నుంచి నార్మన్ పాగ్సన్ దొర తన పరికరాలతో వచ్చాడు. అదే గ్రహణాన్ని గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ చూస్తున్నాడు. సూర్యుని అంచున వెలిగే వాయువుల కాంతిని విడదీసి చూస్తే పాగ్సన్‌కు ఒక పసుపు గీత కనబడింది. పొయ్యిలో ఉప్పు పడితే మంట పచ్చగా వెలగడం మన తల్లులందరికీ తెలుసు. అది ఉప్పులోని సోడియం రంగు. పాగ్సన్ చూసిన గీత ఆ సోడియం గీత ఉండే చోటే గానీ, దాని దగ్గర గానీ ఉందని ఆయన నమోదు చేశాడు.

ఆ ‘దగ్గర’ అన్న మాటలోనే ఉంది అసలు సంగతి. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో లాక్యర్ ఆ గీతను గ్రహణం లేకుండానే చూసి, సోడియంతో సరిపోవడం లేదని గుర్తించాడు. అది భూమ్మీద ఎవరూ ఎరుగని మూలకమని భావించి హీలియం అని పేరు పెట్టారు. అది నిజంగా భూమి మీద దొరికింది మాత్రం 1895లో, విలియం రామ్సే చేతికి. ఇరవై ఏడేళ్ళు అది పేరుగానే మిగిలింది. నమ్మనివాళ్ళు చాలామందే ఉన్నారు.

ఈ పాత కథ ఇప్పుడెందుకంటారా? భౌతికశాస్త్రం ఈనాడు కూడా అలాంటి చోటే నిలబడి ఉంది. మన శరీరాలూ, మన పొలాల ఒండ్రుమట్టీ, ఆకాశ నక్షత్రాలూ ఏ కణాలతో ఏర్పడ్డాయో చెప్పే పట్టికను స్టాండర్డ్ మోడల్ అంటారు. ఆరు క్వార్కులు, ఆరు లెప్టాన్లు, వాటి మధ్య బలాలను మోసే కణాలు, చివరగా హిగ్స్ బోసాన్. 2012 జూలై 4న జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాల ప్రకటనతో ఆ ఆఖరి గడి నిండింది. గడులైతే నిండాయి, లెక్క మాత్రం తేలలేదు. గురుత్వాకర్షణకు ఆ పట్టికలో చోటే లేదు. న్యూట్రినోలకు బరువు లేదని ఆ సిద్ధాంతం అనుకోగా, ఉందని జపానులోని సూపర్ కామియోకాండే ప్రయోగం 1998లో చూపించింది. ఇక విశ్వం మొత్తంలో మనం ఎరిగిన పదార్థం నూటికి 5 పాళ్ళు మాత్రమే. సుమారు 27 పాళ్ళు దుర్భిణికి కూడా అందని కృష్ణపదార్థం, మిగిలిన 68 పాళ్ళు కృష్ణశక్తి. ఆ 27 పాళ్ళూ ఏ కణాలో ఇంతవరకు తేలలేదు.

గుడివాడ వైపు ఒక సంఘంలో ఆరాధన ముగిశాక ఇంటర్ చదివే కుర్రవాడు నన్ను అడిగాడు. “అయ్యగారూ, దైవకణం దొరికిందంట గదండీ, మరి దేవుడితో ఇంక పనేముందండీ?” వెనకే ఉన్న తండ్రి “ఏరా, అయ్యగారితో అట్టాగేనా మాట్లాడేది?” అని గదమాయించాడు. ఆ గదమాయింపు కంటే ఆ ప్రశ్నే మంచిది. మన ఇళ్ళలో ఇలా నోరు మూయించిన పిల్లలు ఆ తర్వాత ఎక్కడ జవాబు వెతుక్కుంటారో ఆలోచించండి.

నిజానికి ‘దైవకణం’ అనేది లియోన్ లెడర్‌మాన్ అనే నోబెల్ గ్రహీత 1993లో తెచ్చిన పుస్తకం పేరు. చేతికి చిక్కని ఆ కణానికి తిట్టుమాటే పేరుగా పెడదామంటే ప్రచురణకర్త ఒప్పుకోలేదని ఆయనే చమత్కరించాడు. దేవుణ్ణి నమ్మని పీటర్ హిగ్స్‌కు కూడా ఆ పేరు నచ్చలేదు. దేవుడు ఉన్నాడనడానికీ లేడనడానికీ ఆ కణం సాక్ష్యం చెప్పదు.

అయితే కుర్రవాడి ప్రశ్న కంటే మన బోధకుల్లో కొందరి జవాబులే నన్ను కలవరపెడతాయి. హెబ్రీయులకు 11:3లో అణువు సంగతి ముందే రాసి ఉందంటారు. కొలొస్సయులకు 1:17 చూపించి, క్వార్కులను అంటిపెట్టి ఉంచే గ్లూవాన్లు క్రీస్తు శక్తేనంటారు. 2021లో అమెరికాలోని ఫెర్మిల్యాబ్ మ్యువాన్ అనే కణం అయస్కాంత గుణం లెక్కకు కుదరడం లేదని ప్రకటించింది. 2025లో సిద్ధాంతకర్తలు ఆ లెక్కనే కొత్తగా కట్టేసరికి తేడా దాదాపు మాయమైంది. అలాంటి తేడా మీద ప్రసంగం కట్టిన బోధకుడు ఇప్పుడేం చెప్పాలి? బెర్లిన్ చెరసాలలో ఉన్న బోన్‌హోఫర్ 1944 మే నెలలో భౌతికశాస్త్రం గురించి వైజ్‌సాకర్ రాసిన పుస్తకం చదువుతూ తన స్నేహితుడికి ఇదే సంగతి రాశాడు. మన జ్ఞానంలోని ఖాళీలను పూడ్చడానికి దేవుణ్ణి వాడుకుంటే, ఆ ఖాళీలు తగ్గేకొద్దీ దేవుణ్ణి కూడా వెనక్కి నెడుతూ పోవలసి వస్తుందన్నది ఆయన భావం.

కొలొస్సయి సంఘం భయపడింది అధికారాలకూ, ప్రధానులకూ, కనబడని శక్తులకూ. పౌలు జవాబు ఆ భయానికి. 1977 నవంబరు 19 ఉప్పెనలో ఇంటిల్లిపాదినీ పోగొట్టుకున్నవారు దివిసీమ సంఘాల్లో ఉన్నారు. సమస్తానికీ క్రీస్తే ఆధారమన్న మాటను వారు తమ కన్నీళ్ళతో చదువుకున్నారు. వారి ముందు నిలబడి ఆ వచనం క్వార్కుల జిగురు గురించి అంటే, అందులో శాస్త్రమూ లేదు, ఆదరణా లేదు.

తెలియనిదాన్ని ఓపికగా వెతకడం ఎలా ఉంటుందో కోలారు బంగారు గనుల్లో చూడవచ్చు. తమిళులతో పాటు మన తెలుగువారు కూడా పొట్టకూటికి దిగిన గనులవి. 1965లో అక్కడే, వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ తెలిసింది. ఆ తర్వాత ఒడిశాలో పుట్టిన జోగేశ్ పతి, పాకిస్తాన్‌కు చెందిన అబ్దుస్ సలాం కలిసి స్టాండర్డ్ మోడల్‌ను దాటిన ఒక ఊహ చేశారు: ప్రోటాను కూడా శాశ్వతం కాదు, ఏదో ఒకనాడు చితికిపోతుంది. 1974లో జార్జి, గ్లాషో మరో దారిలో అక్కడికే వచ్చారు. ఆనాటి లెక్కల్లో దాని ఆయుష్షు సుమారు 1 పక్కన 30, 31 సున్నలు పెట్టినన్ని ఏళ్ళు. విశ్వం వయసే 1380 కోట్ల ఏళ్ళు! ఒక్క ప్రోటానును అంతకాలం ఎవరు కాపు కాస్తారు? కాయనక్కరలేదు. అన్ని ప్రోటాన్లను ఒక్కచోట చేర్చి కొన్నేళ్ళు కనిపెట్టుకుని ఉంటే చాలు. అందుకే 1980లో టాటా ఇన్‌స్టిట్యూట్ వారూ జపాను శాస్త్రవేత్తలూ అంతరిక్ష కిరణాలు చొరబడని చోటు వెతుక్కుని, నేలకు 2 కిలోమీటర్లకు పైగా లోతున 140 టన్నుల పరికరం అమర్చారు. ప్రోటాను చితికిన గుర్తులు కావచ్చంటూ కొన్ని సంఘటనలు ప్రకటించారు. ఇతర దేశాల పెద్ద ప్రయోగాలు వాటిని బలపరచలేదు. 2001లో ఆ గనులే మూతపడ్డాయి.

ప్రోటాను చితికితే 102వ కీర్తన నెరవేరిందని చెప్పడానికి కొందరు సిద్ధంగానే ఉంటారు. చితకకపోతే ఆ కీర్తన తప్పయిపోతుందా? వస్త్రంలా పాతబడే ఆకాశాలను చూపి, మారని దేవుణ్ణి ఆశ్రయించిన ఒక దుఃఖితుడి ప్రార్థన అది. దానికి ప్రయోగశాల ధ్రువపత్రం అక్కరలేదు.

సూపర్ కామియోకాండేలో 50 వేల టన్నుల నీటిని 1996 నుంచి కాపు కాస్తున్నారు. ప్రోటాను ఎక్కువగా ఏ తీరున చితుకుతుందని జార్జి, గ్లాషో అనుకున్నారో, ఆ తీరున దాని ఆయుష్షు 1 పక్కన 34 సున్నలకు మించే ఉండాలని తేలింది. వారి సరళమైన సిద్ధాంతాన్ని పక్కన పెట్టక తప్పలేదు. జపానులోనే ఇప్పుడు అంతకంటే పెద్ద తొట్టి కడుతున్నారు. ఇంతవరకు ఒక్క ప్రోటాను కూడా చితికినట్టు రుజువు కాలేదు.