బెన్యామీను – నామార్థం

‘బెన్యామీను’ హీబ్రూ భాషకు చెందిన పురుషనామం. ‘బెన్’ అనగా కుమారుడు. ‘యామీన్’ అనగా కుడిచేయి. బైబిలులోని ఆదికాండము 35వ అధ్యాయంలో ఈ నామకరణ వృత్తాంతం ఉంది. బేతేలు నుండి ఎఫ్రాతాకు సాగే మార్గంలో రాహేలు ప్రసవవేదనతో ప్రాణాలు విడుస్తూ, శిశువుకు ‘బెనోని’ అని పేరు పెట్టింది. ‘నా దుఃఖపుత్రుడు’ అని దాని భావం. తల్లి మరణదుఃఖాన్ని బిడ్డ జీవితాంతం పేరుగా మోయరాదని కాబోలు, తండ్రి యాకోబు దానిని ‘బెన్యామీను’గా మార్చాడు. కుడిచేయి బలానికీ, గౌరవానికీ సంకేతం.

తూర్పుముఖంగా నిలిచినవానికి కుడివైపు దక్షిణదిక్కు అవుతుంది. కనుక ‘యామీన్’కు దక్షిణమనే అర్థమూ ఏర్పడింది. సంస్కృతంలోని ‘దక్షిణ’ శబ్దం సైతం ఈ రెండర్థాలనూ వహించడం గమనార్హం.

ఇశ్రాయేలీయుల తొలి రాజు సౌలు బెన్యామీను గోత్రీయుడే. దుఃఖనామంతో పిలువబడిన శిశువు వంశం సింహాసనాన్ని అధిష్ఠించింది.