మరుగుదొడ్డి మార్చే ముందు వాటము చూడండి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలలోను, చుట్టుపక్కల పల్లెలలోను ముప్పై ఏళ్ళ క్రితం కట్టిన ఇండ్లను ఒకసారి గమనించండి. కట్టిన నాడు వీధిలో నుండి రెండు మెట్లు ఎక్కి లోపలికి పోయేవారు. తరువాత వీధికి కంకర పడింది, దాని మీద తారు, తారు మీద సిమెంటు. రోడ్డు పెరిగింది, ఇల్లు కిందికి పోయింది. ఇప్పుడు ఎన్నో ఇండ్లలోకి దిగి వెళ్ళవలసి వస్తున్నది. ఇటువంటి ఇంట్లో పాత లెట్రిన్ తీసి కొత్తది పెట్టించటం పూర్తిగా మేస్త్రికే వదిలివేసే పని కాదు.

అసలు ఎందుకు మార్చవలసి వస్తున్నది? చాలా ఇండ్లలో కారణం ఒక్కటే. అమ్మగారికో నాన్నగారికో మోకాళ్ళు వంగవు. కుమారుడు కమోడు కొని తెస్తాడు. టైల్స్ ఏ రంగువి వేయాలని ఇంటిల్లిపాది మాట్లాడుకుంటారు. పైపు ఎటు పోవాలి, ఎంత దిగాలి అన్న మాట మాత్రం ఎవరూ ఎత్తరు. మొదటి వానకే బకెట్టు నీళ్ళు పోసినా దిగదు. ఆ ముసలి తల్లి మళ్ళీ చెంబు పట్టుకొని చీకటిలో బయటికి నడవాలి. అందుకే ముందు వాటము, తరువాతనే టైల్స్.

వాటము లెక్క కష్టమైనది కాదు. నాలుగు అంగుళాల పైపుకు ప్రతి పది అడుగుల దూరానికి సుమారు మూడు అంగుళాల దిగుడు ఉండాలి. సెప్టిక్ ట్యాంకు ఇరవై అడుగుల దూరముంటే ఆరు అంగుళాలు కావాలి. మేస్త్రులు వాడే నీళ్ళ ట్యూబుతో బాత్రూము గచ్చు మట్టాన్ని ట్యాంకు దగ్గర గుర్తు పెట్టించండి. ట్యాంకులోకి పైపు దూరే చోటు ఆ గుర్తుకు నాలుగు అంగుళాలే కింద ఉన్నదనుకుందాము. అప్పుడు గచ్చులోకి దిగే ఎస్ ట్రాప్ కమోడు అక్కడ పనికి రాదు. వెనుక గోడలో నుండి పోయే పి ట్రాప్ కమోడు తెచ్చుకోవాలి. దాని నోరు గచ్చుకు సుమారు ఏడు అంగుళాల పైన ఉంటుంది. ఏడు, నాలుగు కలిపి పదకొండు. కావలసిన ఆరు అందులోనే దొరుకుతుంది. దుకాణములో అడగవలసిన మొదటి మాట ఇదే, ధర తరువాత. కూర్చొనే పాత రకము బేసిన్ అయితే దాని ట్రాప్ గచ్చు కిందనే ఉంటుంది గనుక గద్దె ఎత్తు చేసి దాని మీద పెట్టించాలి. పెద్దలున్న ఇంట్లో గద్దె పక్కన గోడకు గట్టి పట్టుకమ్మీ మరువవద్దు. పైపు మలుపు తిరిగే చోట ఒక్కసారిగా మూల తిప్పకుండా రెండు చిన్న బెండ్లతో తిప్పించి, అక్కడ మూత తీసి చూడగలిగే చాంబరు కట్టించండి.

సెల్లార్లో మరుగుదొడ్డి కట్టేవారికి వాటము దొరకనే దొరకదు. మురుగును ఒక తొట్టిలో పట్టి, దాని కొరకే చేసిన పంపుతో పైకి తోడాలి. ఎదురు రాకుండా పైపులో వాల్వు పెట్టాలి. కరెంటు పోతే పంపు ఆగుతుంది. పైన జానెడు చోటున్నా పైననే కట్టుకొమ్మని నేను చెబుతాను.

ట్రాప్ అంటే మెడలా వంగిన గొట్టము. ఆ వంపులో నిలిచే కొద్దిపాటి నీళ్ళే ట్యాంకులోని దుర్వాసనను ఇంట్లోకి రాకుండా ఆపుతాయి. 1775లో లండన్‌లో గడియారాలు చేసే అలెగ్జాండర్ కమింగ్ అనే స్కాట్లాండు వ్యక్తి దీనికి పేటెంటు పొందాడు. పట్టణములో ఉద్యోగము చేసుకుంటూ క్రిస్మస్‌కు మాత్రమే ఊరికి వచ్చేవారు తలుపు తీయగానే కంపు అంటారు. అది ఆ నీళ్ళు ఎండిపోయిన కంపు. రెండు చెంబుల నీళ్ళు పోస్తే సరిపోతుంది. రోజూ వాడే ఇంట్లో గుడగుడమని చప్పుడు, వాసన వస్తుంటే గాలి గొట్టము లేదనో, మూసుకుపోయిందనో అనుమానించాలి. ఆ గొట్టము ఇంటి కప్పుకంటె ఎత్తుగా ఉండి, కొనకు దోమల జాలీ కట్టి ఉండాలి.

ఇక గుంటల సంగతి. 2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛ భారత్ కింద 12,000 రూపాయల సహాయముతో పల్లెలలో ఎన్నో మరుగుదొడ్లు లేచాయి. వాటికి చెప్పిన పద్ధతి రెండు గుంటలది. ఒకటి నిండితే మూసి రెండవదానికి మళ్ళించాలి. రెండేళ్ళు మూసి ఉంచితే మొదటిదానిలోనిది ఎరువుగా మారుతుంది. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయము చదివినవారికి మలమును మట్టికి అప్పగించటం కొత్త మాట కాదు. అయితే కొందరు రెండు గుంటలను ఒకదాని వెనుక ఒకటిగా కలిపివేస్తారు. అప్పుడు ఎరువు కావటానికి ఏ గుంటకూ విశ్రాంతి ఉండదు. చెంబెడు నీళ్ళతో పోవాలి గనుక ఈ గుంటల పైపుకు పదిహేను అడుగులకు అడుగు చొప్పున, ఎక్కువ వాటము కావాలి.

మిర్యాలగూడ, కోదాడ వైపు సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో మరొక చిక్కు ఉన్నది. 1967లో సాగర్ కాలువలకు నీళ్ళు వదిలిన నాటి నుండి వరి పెరిగింది, భూమిలో నీరూ పైకి వచ్చింది. కాలువ పారే నెలల్లో గుంటలోని నీరు ఇంకదు. గుంట నిండిందని ఒర మీద ఒర దింపి లోతు చేయిస్తారు. అది భూమిలోని నీటికి మలమును దగ్గర చేయటమే. లోతు తగ్గించి వెడల్పు పెంచండి, లేదా అడుగు కూడా సిమెంటు చేసిన సెప్టిక్ ట్యాంకు కట్టించండి. బోరుకు, గుంటకు మధ్య కనీసము పది మీటర్లు వదలండి.

పాత ట్యాంకు కదిలించేటప్పుడు ప్రాణాలు పోతాయి. అందులోని విషవాయువు ఎక్కువైనప్పుడు ముక్కుకు వాసన కూడా తెలియదు. దీపము దింపి చూస్తే గ్యాసు అంటుకోవచ్చు. పడిపోయినవానిని లాగబోయిన రెండవవాడూ పడిపోతాడు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపటం 2013 చట్టము ప్రకారము నేరము. ఇటువంటి మరణాలకు 10 లక్షలుగా ఉన్న పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 30 లక్షలకు పెంచింది. తరతరాలుగా ఈ పనికి పిలువబడుతున్న కుటుంబాలవారు మన సంఘాలలో కూర్చొని ఉన్నారు. వారిని కూలికి పిలిచే ఇండ్లూ మన సంఘాలలోనివే. ఎంత తక్కువకు ఒప్పుకున్నా ఎవరినీ దింపకండి. ట్యాంకరు బండిని పిలవండి.

పని ముగిసిన తరువాత పైపులు ఎక్కడెక్కడ పోయినవో, ట్యాంకు మూత ఏ గోడకు ఎన్ని అడుగుల దూరములో ఉన్నదో ఒక కాగితము మీద గీయించి ఇంటి పత్రాలతో పెట్టుకోండి. మూత మీద మాత్రం టైల్స్ వేయించవద్దు.