మీకు తెలుసా? చిన్న విమానంలో నడుం బెల్టు ఒక్కటే చాలదు

వరంగల్ శివారు మామునూరులో నిజాం కాలంలో కట్టిన విమానాశ్రయాన్ని తిరిగి తెరవడానికి 2025లో కేంద్రం అనుమతిచ్చింది. ఇక అందరి ఊహా పెద్ద విమానాల చుట్టూనే. కానీ అదే మైదానంలో ఒకప్పుడు ఎన్‌సీసీ క్యాడెట్లు చిన్న విమానాలపై శిక్షణ పొందారు. అలాంటి చిన్న విమానాల్లో పైలట్‌ను కాపాడేది నడుం బెల్టు ఒక్కటే కాదు, భుజం పట్టీ కూడా. రెండు సీట్ల సెస్నా విమానంలో పరికరాల పలక మొహానికి చేయి చాపినంత దూరమే ఉంటుంది. విమానం దేనికైనా గుద్దుకుని హఠాత్తుగా ఆగితే, నడుం కదలకపోయినా పైశరీరం మడతపడి తల నేరుగా దానికే కొట్టుకుంటుంది. కుదుపు గురుత్వానికి పది రెట్లయితే 70 కిలోల మనిషి ఆ క్షణాన 700 కిలోల బరువుతో ముందుకు తోసుకొస్తాడు. చేతులు అడ్డం పెడితే ఆగే బరువా అది?

అమెరికా రవాణా భద్రతా సంస్థ 1985లో బతికి బయటపడే వీలున్న చిన్న విమాన ప్రమాదాలను పరిశీలించింది. భుజం పట్టీ ఉంటే మృతుల్లో 20 శాతం మంది బతికేవారని, తీవ్రంగా గాయపడినవారిలో 88 శాతం మందికి దెబ్బలు బాగా తగ్గేవని తేల్చింది. పట్టీ కట్టుకుంటే స్విచ్చులు అందవంటారు కొందరు. కానీ రీలుకు చుట్టి ఉండే పట్టీ మామూలుగా వంగితే సాగుతుంది, హఠాత్తుగా లాగితేనే బిగుస్తుంది. మంటలొస్తే ఇరుక్కుపోతామన్న భయం సహజమే కానీ, పట్టీ లేక తల కొట్టుకుని స్పృహ తప్పినవాడు ఏ బకిల్‌నూ విప్పలేడు. చిన్న విమానం ఎక్కితే నడుం బెల్టును పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీదుగా బిగించండి. భుజం పట్టీ ఎక్కడుందో ఇంజిన్ మొదలవకముందే అడగండి.