భాగం మారితే ప్రమాదం తొలగునా?

ఒక సంస్థ తాను అమ్మిన వస్తువులో ప్రమాదకరమైన లోపం ఉన్నదని గుర్తించి, దానిని వెనుకకు పిలిపించి సరిచేయడాన్ని 'రీకాల్' అంటారు. లోపమున్న భాగానికి బదులు కొత్త భాగం చేతికందగానే కొన్నవారి భయం తీరిపోతుంది. అయితే నిప్పు పుట్టే అవకాశం నిజంగా తొలగిందా, లేక కొంతకాలం వాయిదా పడిందా అన్నది వేరే ప్రశ్న.

పల్నాటి రైతులకు ఈ ప్రశ్న కొత్తది కాదు. మాచర్ల, గురజాల ప్రాంతాలలో బోరు మోటారు కాలిపోతే వైండింగు చేయించి మళ్ళీ దించుతారు. మూడు ఫేజులలో ఒకటి రాకపోవడం వల్ల మోటారు కాలి ఉంటే, ఎంత మేలురకం తీగతో వైండింగు చేయించినా అది మళ్ళీ కాలక మానదు. కాలినది తీగ, కాల్చినది వేరొకటి. కంప్యూటరు భాగాల విషయంలోనూ ఈ భేదాన్నే గమనించాలి.

2020లో అమెరికాకు చెందిన ఎన్‌జెడ్‌ఎక్స్‌టీ సంస్థ 'హెచ్1' అనే చిన్న కంప్యూటరు క్యాబినెట్‌ను విక్రయించింది. గ్రాఫిక్స్ కార్డును మదర్‌బోర్డుతో కలిపే 'రైజర్' అనే సర్క్యూట్ పలకను అందులో లోహపు స్క్రూలతో బిగించారు. 12 వోల్టుల విద్యుత్తును మోసే రాగిపొర ఆ స్క్రూ రంధ్రానికి మరీ సమీపంగా ఉండడమే అసలు లోపం. స్క్రూ అంచు పలకను కోసి రాగిపొరను తాకితే షార్ట్ సర్క్యూట్ ఏర్పడి పలక మండుతుంది. 12 వోల్టులు ఏపాటి అని అనిపించవచ్చు. కాని వేడిని పుట్టించడంలో కరెంటు పరిమాణానిదే ప్రధాన పాత్ర. కంప్యూటరు పవర్ సప్లై ఆ 12 వోల్టుల వద్దనే పదుల ఆంపియర్ల కరెంటును ఇవ్వగలదు.

సంస్థ మొదట లోహపు స్క్రూలకు బదులు నైలాన్ స్క్రూలను పంపింది. నైలాన్ గుండా విద్యుత్తు ప్రవహించదు కనుక సమస్య తీరినట్లే కనిపించింది. కాని రాగిపొర ఉన్న చోటు మారలేదు. అప్పటికే లోహపు స్క్రూ కోసిన గాయమూ మానలేదు. రేపు మరమ్మతు చేసే వ్యక్తి నైలాన్ స్క్రూ పోయిందని తన డబ్బాలోని ఇనుప స్క్రూను బిగిస్తే పాత ప్రమాదం తిరిగి వస్తుంది. సాంకేతిక పరిశీలకులు ఈ సంగతిని బహిరంగంగా ఎత్తిచూపారు. 2021 ఫిబ్రవరిలో అమెరికా వినియోగదారుల వస్తు భద్రతా సంఘం ద్వారా అధికారికంగా రీకాల్ వెలువడింది. ఆ దేశంలో అమ్ముడైన సుమారు 32 వేల క్యాబినెట్లకు కొత్తగా రూపొందించిన రైజర్ పలకలనే ఇవ్వవలసి వచ్చింది. మూలాన్ని తాకిన మార్పు ఇదే.

కారణం తేలకముందే భాగం మార్చితే ఏమవుతుందో 2016లో గెలాక్సీ నోట్ 7 ఫోన్ల వల్ల తెలిసింది. శాంసంగ్ సంస్థ మరొక తయారీదారుని బ్యాటరీలు అమర్చి బదులు ఫోన్లు ఇచ్చింది. అవీ కాలాయి. మొదటి బ్యాటరీలో మూల వద్ద ఎలక్ట్రోడు వంగిందనీ, రెండవదానిలో వెల్డింగు మొనలు పొడుచుకువచ్చాయనీ 2017 జనవరిలో సంస్థ వెల్లడించింది. ఒక లోపం పోయిన చోటికి ఇంకొకటి వచ్చింది!

తెలుగునాటను 2022 ఏప్రిల్‌లో నిజామాబాదు, విజయవాడ నగరాలలో ఇళ్ళలోనే విద్యుత్ స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణనష్టం సంభవించింది. నిజామాబాదు ఘటన తరువాత హైదరాబాదుకు చెందిన ప్యూర్ ఈవీ సంస్థ 2,000 వాహనాలను వెనుకకు పిలిచి, బ్యాటరీలను పరీక్షించి సరిచేస్తామని ప్రకటించింది. సెల్‌ల మధ్య అసమతుల్యతను ఇటువంటి పరీక్ష పట్టగలదు. సెల్ లోపల ధన, రుణ ఎలక్ట్రోడ్లను వేరుచేసే పలుచని పొరలోని సూక్ష్మలోపాన్ని పట్టడం మాత్రం కష్టం. ఒక సెల్‌లో షార్ట్ సర్క్యూట్ ఏర్పడితే ఆ వేడి ఇతర సెల్‌లకు వ్యాపించే ప్రమాదాన్ని కూడా పరిగణిస్తూ కేంద్రం 'ఏఐఎస్ 156' ప్రమాణాలను కఠినతరం చేసింది. అవి 2022 డిసెంబరు నుండి దశలవారీగా అమలులోకి వచ్చాయి.

మార్పిడి చక్కగా ఫలించే సందర్భాలూ లేకపోలేదు. 2006లో డెల్ సంస్థ సోనీ తయారుచేసిన 41 లక్షల ల్యాప్‌టాప్ బ్యాటరీలను వెనుకకు తీసుకొన్నది. తయారీలో సెల్‌లలోకి చేరిన లోహపు రేణువులే అక్కడ కారణం. లోపం కొన్ని తయారీ వరుసలకే పరిమితం కనుక, ఆ రేణువులు లేని బ్యాటరీతో ఆ ప్రమాదం తొలగుతుంది.

వేడి లిథియం బ్యాటరీని త్వరగా క్షీణింపజేస్తుంది. మండు వేసవికి పేరుపడిన రెంటచింతల పల్నాడు జిల్లాలోనిదే కదా! పైగా నరసరావుపేటలో పాత ల్యాప్‌టాప్ కొన్న విద్యార్థి పేరు సంస్థ జాబితాలో ఉండదు. రీకాల్ లేఖ మొదటి యజమానికే వెళ్ళవచ్చు. బ్యాటరీపై ముద్రించిన సీరియల్ నంబరును సంస్థ ప్రకటనతో పోల్చుకోవడమే అతనికి మార్గం. ఉబ్బిన బ్యాటరీని మాత్రం నంబరుతో నిమిత్తం లేకుండా వెంటనే వాడకం మానివేయాలి; గుచ్చడం, నొక్కడం అసలే కూడదు.