బూడిద తిని యాభై ఏళ్ళు

ఒక్కసారి వేసిన ఎరువు ఎన్నాళ్ళు పనిచేస్తుంది? మన వరిలో యూరియా అయితే కొన్ని వారాలు. ఫిన్లాండ్‌లోని ఓ పైన్ అడవిలో మాత్రం అర్ధ శతాబ్దం! ఔలు నగరానికి దగ్గరలో ముహోస్ అనే ఊరుంది. అక్కడి లెప్పినియెమిలో, కాలువలు తవ్వి నీళ్ళు తీసేసిన బురదనేల మీద 1947లో కట్టెల బూడిద చల్లారు. కొన్ని మడులకు హెక్టారుకు 8 టన్నులు, కొన్నిటికి 16 టన్నులు. యాభై ఏళ్ళ తర్వాత కొలిస్తే, బూడిద పడని మడుల కంటే అక్కడ పదింతలకు పైగా కలప పెరిగింది. ఆ నేలలో నత్రజనికి కొదవలేదు, లేనివల్లా భాస్వరం, పొటాష్. బూడిదలో సరిగ్గా అవే ఉంటాయి, నత్రజనే ఉండదు. పొయ్యిలోంచి తీసి పారబోసేదానికి ఇంత ఆయుష్షా అనిపిస్తుంది.

అతి తక్కువ మోతాదుతో గట్టెక్కిన అడవి పశ్చిమ ఆస్ట్రేలియాది. 1930లలో అక్కడి రేడియాటా పైన్ తోటల్లో కొమ్మల చివళ్ళు గుబురుకట్టి, ఎదుగుదల ఆగిపోయింది. కాస్త జింకు సల్ఫేటు ద్రావణం ఆకులమీద పిచికారీ చేస్తే తేరుకున్నాయి. జింకు లోపంతో తుప్పురంగుకు తిరిగిన వరిని చూసిన మన రైతుకు ఇది వింత కాదు.

అమెరికా వాయవ్యంలో డగ్లస్ ఫర్ అడవులకు హెలికాప్టర్లతో యూరియా చల్లుతారు. వాడుకలో ఉన్న మోతాదును మన లెక్కలోకి మారిస్తే ఎకరానికి నాలుగు బస్తాలు దాటుతుంది, అదీ ఒకే విడతలో.

చలిదేశంలో చెట్టు నెమ్మదిగా పెరగడానికి చలే కారణమనుకుంటాం. ఉత్తర స్వీడన్‌లోని ఫ్లాకాలిడెన్ ఈ నమ్మకాన్ని కదిలించింది. 1963లో నాటిన స్ప్రూస్ చెట్లకు 1987 నుంచి పోషకాలు కొలిచి అందించారు. కలప పెరుగుదల దాదాపు నాలుగింతలైంది. ఒట్టి నీళ్ళు మాత్రమే పెట్టిన మడుల్లో ఏ మార్పూ లేదు. చలి అక్కడే ఉంది, అయినా చెట్లు పెరిగాయి. అవి ఆకలితో ఉన్నాయన్నమాట.

ఆకలి తీర్చడానికీ ఓ హద్దుంది. స్వీడన్‌లోనే నోర్లిడెన్‌లో కార్ల్ ఊలోఫ్ టమ్ 1971లో మొదలుపెట్టిన పైన్ ప్రయోగాన్ని నేను వీటన్నిటికంటే పైన పెడతాను. ఏటా నత్రజని, మూడు మోతాదుల్లో. మొదట్లో అన్నీ ఏపుగా పెరిగాయి. ఏళ్ళు గడిచేకొద్దీ ఎక్కువ మోతాదు మడులు వెనకబడ్డాయి. నేల పుల్లబడింది, కాల్షియం, మెగ్నీషియం కొట్టుకుపోయాయి. 30 ఏళ్ళ మొత్తం చూస్తే గెలిచింది అతి తక్కువ మోతాదే. రెండు మూడేళ్ళకే లెక్క ముగించి ఉంటే పెద్ద మోతాదుకే పట్టం కట్టేవారు. అన్నిటికంటే పెద్ద మోతాదును 1990లో ఆపేశారు. ఆ తర్వాత వేళ్ళతో కలిసి బతికే శిలీంధ్రాలు మెల్లగా తిరిగొచ్చాయి.

అన్నిచోట్లా ఈ మాత్రమైనా కోలుకోలేదు. స్వీడన్‌లోని మరో అడవిలో ఎరువు ఆపి 47 ఏళ్ళయ్యాక చూసినా, నేలమీది నాచుల్లో, పుట్టగొడుగుల్లో ఆ తేడా ఇంకా కనిపించింది.