ప్రెషర్ వాషర్: బాక్స్‌పై 150 బార్ అని ఉందా? కొనే ముందు ఈ చిన్న లెక్క వేయండి

ప్రెషర్ వాషర్ కోసం ఆన్‌లైన్‌లో వెతికితే ముందుగా కనిపించేది బార్ నంబరే. 120 బార్, 150 బార్, 180 బార్.. నంబర్ ఎంత పెద్దగా ఉంటే మెషిన్ అంత పవర్‌ఫుల్ అనుకుని చాలామంది ఆర్డర్ పెట్టేస్తుంటారు. కానీ అసలు కథ వేరే ఉంది.

అతుక్కున్న పాచిని, ఎండిన బురదను ఊడగొట్టేది ప్రెషర్. ఊడిన మురికిని కొట్టుకుపోయేలా చేసేది ఫ్లో, అంటే నిమిషానికి వచ్చే నీళ్లు. ప్రెషర్ ఉండి ఫ్లో లేకపోతే పార్కింగ్ టైల్స్ చారలు చారలుగా క్లీన్ అవుతాయి. బురద మాత్రం పక్కకు జరిగి అక్కడే ఉంటుంది.

లెక్క ఇదీ..

బార్‌ను నిమిషానికి వచ్చే లీటర్లతో గుణించి 600తో భాగించండి. నీళ్లకు ఎన్ని కిలోవాట్ల పవర్ అందాలో తెలుస్తుంది. ఉదాహరణకు బాక్స్‌పై 150 బార్, 8 లీటర్లు, 1500 వాట్ల మోటార్ అని రాసి ఉందనుకుందాం. 150ని 8తో గుణిస్తే 1200, దాన్ని 600తో భాగిస్తే 2. అంటే 2 కిలోవాట్లు కావాలి. మోటార్ తీసుకునే కరెంటే 1.5 కిలోవాట్లు! ఆ రెండు నంబర్లూ ఒకేసారి రావడం జరగని పని. సాధారణంగా బాక్స్‌పై పెద్దక్షరాల్లో ఉండేది మ్యాక్స్ ప్రెషర్. మెషిన్ నడుస్తున్నప్పుడు నిలకడగా వచ్చేది రేటెడ్ లేదా వర్కింగ్ ప్రెషర్. చూడాల్సింది ఇదే. పీఎస్ఐలో ఇచ్చి ఉంటే 14.5తో భాగిస్తే బార్ వచ్చేస్తుంది.

బైక్, కారు కడగడానికి రేటెడ్ 90-110 బార్, 5-6 లీటర్ల ఫ్లో ఉంటే చాలు. పాచి పట్టిన కాంపౌండ్, పెద్ద ఆవరణ ఉన్నవాళ్లు మాత్రం ఇంకో 20 బార్ కన్నా ఇంకో 2 లీటర్ల ఫ్లో ఎక్కువున్న మోడల్ చూసుకోవడం బెటర్.

మీ ట్యాప్ సంగతేంటి?

మెషిన్ నీళ్లను పుట్టించదు కదా. పైన ట్యాంక్ 10 మీటర్ల ఎత్తులో ఉంటేనే ట్యాప్ దగ్గర దాదాపు 1 బార్ వస్తుంది. ఒక్క అంతస్తు ఇంట్లో అందులో సగం కూడా ఉండదు. అందుకే ముందు పైప్‌తో 20 లీటర్ల బకెట్ నింపి టైమ్ చూడండి. 4 నిమిషాలు పట్టిందంటే వచ్చేది నిమిషానికి 5 లీటర్లే. దానికి 8 లీటర్ల మెషిన్ తగిలిస్తే పంపులోకి గాలి వెళ్లి సీల్స్ పాడవుతాయి. ఇలాంటి ఇళ్లకు డ్రమ్ములోంచి నీళ్లు లాక్కునే సెల్ఫ్ ప్రైమింగ్ మోడలే కరెక్ట్.

ప్లగ్ కూడా చూసుకోవాలి. 1800 వాట్ల మెషిన్ 230 వోల్టుల దగ్గర దాదాపు 8 ఆంప్స్ లాగుతుంది. 6 ఆంప్స్ సాకెట్‌లో పెడితే కాలిపోయే ప్రమాదం ఉంది. ఎర్తింగ్ ఉన్న 16 ఆంప్స్ సాకెట్ తప్పనిసరి. తడి చేతులతో చేసే పని కాబట్టి షాక్ కొట్టకుండా ఆపే ఆర్‌సీసీబీ ఉండాల్సిందే.

ఇంకో విషయం.. సున్నా డిగ్రీల నాజిల్ సూదిలా కొడుతుంది. కారు పెయింట్, టైర్ల జోలికి దాన్ని తీసుకెళ్లొద్దు. సరదాకి కూడా చెయ్యి అడ్డం పెట్టొద్దు. ఆ ధార చర్మంలోకి దూసుకెళ్తుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా, నొప్పి లేకపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.