ఆమ్‌స్టర్‌డాములో పాత ఇంటి వాటా

ఇల్లు కట్టిచూడు, పెండ్లి చేసిచూడు అని మనవారి సామెత. ఇతరులు కట్టిన ఇంటిలో ఒక వాటాను కొనుట సులభమని తోచవచ్చును. కాని హాలండు దేశమున ఆమ్‌స్టర్‌డాము వంటి నగరములో అదియు ఒక పరీక్షయే. ఉద్యోగములకై ఆ దేశమునకేగి, అచటనే ఇల్లు కొనదలచు తెలుగువారు నేడు కలరు. వారి తలిదండ్రులును, బంధువులును మన శ్రోతలలో ఉందురు. కావున ఈ కొనుగోలులో నిజముగా కొనబడునది ఏమియో విచారింతము.

ఆ నగరమున ‘దె పైప్’ అను పేట కలదు. 19వ శతాబ్దపు చివరి దశాబ్దములలో జనసంఖ్య పెరుగగా, లాభాపేక్షగల గుత్తదారులు అచట అద్దెలకొరకు ఇండ్లను త్వరత్వరగా, చౌకగా, వరుసలు వరుసలుగా కట్టిరి. ఇంటి ముఖము ఇరుకు, లోపలి పొడవు అధికము. మెట్లు నిచ్చెనవలె నిటారుగా నుండును; మంచములు, బీరువాలు వాని మీదుగా ఎక్కవు. అందుచే ఇంటి నెత్తిన ముందుకు చాచిన దూలమునకు కప్పీ తగిలించి, సామానును త్రాటితో లాగి కిటికీగుండా లోనికి చేర్తురు. ఇట్టి ఇండ్లు అనేకము తరువాతి కాలమున అంతస్తులవారీగా విభజింపబడి, వాటాలుగా అమ్ముడుపోయినవి.

మొదట చూడవలసినది కంటికి కనబడని పునాది. ఆ నేల మెత్తని బురద. గట్టి ఇసుకపొర సుమారు 12 మీటర్ల లోతున నుండును. పూర్వులు పైన్, స్ప్రూస్ చెట్ల దుంగలను ఆ పొర తగులువరకు దిగగొట్టి, వాని తలలపై గోడలు లేపిరి. నగరమధ్యమందలి రాజభవనము 13,659 దుంగలపై నిలిచియున్నదని ప్రసిద్ధి. దుంగ నీటిలో మునిగియున్నంత కాలము గాలి సోకదు గనుక బూజు దానిని తినదు. భూగర్భజలము తగ్గి తల బయటపడెనా, క్షయము ఆరంభమగును. పైన్ దుంగలనైతే నీటిలోనున్నను ఒకజాతి సూక్ష్మజీవులు మెల్లమెల్లగా గుల్లచేయును. ఇల్లు అంతటను సమముగా క్రుంగిన ప్రమాదము స్వల్పము. ఒకప్రక్క అధికముగా క్రుంగినచో గోడలు బీటలువారును, తలుపులు బిగుసుకొనును, నేలపై ఉంచిన గోలీ తనంతట తానే దొర్లును. పునాది మార్చుటకు ఒక్కొక్క ఇంటికి లక్ష యూరోలు దాటుటయు కలదు. సాధారణమైన బీమా దీనిని భరింపదు. పైగా వరుస ఇండ్లలో నడిమి గోడ తరచుగా ఉమ్మడి. ప్రక్కయింటివారి సహకారము లేక పని సాగదు.

రెండవది యజమానుల సంఘము. 1951లో చేసిన శాసనము మొదలు అచట వాటాల యాజమాన్యమునకు చట్టబద్ధమైన రూపమేర్పడినది. కొన్నవారు కొనునది గదులను మాత్రమే కాదు. మొత్తము కట్టడములో ఒక భాగమును, అందు ఒక అంతస్తును తామే అనుభవించు హక్కును కొందురు. కొన్న క్షణముననే సంఘసభ్యులగుదురు. కప్పు కారినను, పునాది చెడినను, విభజన పత్రములో వ్రాసిన వంతు ప్రకారము ఖర్చు అందరిది. మరమ్మతులకై ఏటేట కొంత నిలువచేయవలెనని 2018 నుండి చట్టము నిర్దేశించుచున్నది: బహువత్సర ప్రణాళికననుసరించియైనను, లేక కట్టడమును తిరిగి నిర్మించుటకగు వ్యయములో కనీసము 0.5 శాతమైనను. అయినను మూడు నాలుగు కుటుంబముల చిన్న సంఘములలో సమావేశములే జరుగనివి కలవు. వానిని ఆ దేశమువారు ‘నిద్రించు సంఘములు’ అందురు. నిద్రించు సంఘములో చేరినవానికి నిద్ర ఉండదు.

మూడవది నేల. ఆమ్‌స్టర్‌డాము నగరపాలకులు 1896 నుండి తమ భూమిని అమ్ముటకు బదులు దీర్ఘకాలపు కౌలుకిచ్చు పద్ధతి నవలంబించిరి. కొన్ని ఇండ్లు సొంత నేలపై నున్నవి. కొన్నింటికి కౌలు చెల్లింపవలెను. కౌలు ఎప్పటివరకు చెల్లినదో, గడువు తీరిన తరువాత ఎంత పెరుగునో తెలియక ధరలను పోల్చుట వ్యర్థము.

అమ్మువాడు తనకు తెలిసిన లోపములను చెప్పవలెను. కొనువాడు తాను పరిశోధింపవలెను. ఇది అచటి న్యాయము. అయితే పాత ఇండ్ల ఒప్పందములలో తరచుగా ఒక నిబంధన చేర్తురు: ‘ఇల్లు పాతది, క్రొత్తదానికుండు దార్ఢ్యమును ఆశింపరాదు’ అని దాని భావము. దానితో నష్టభారము చాలవరకు కొన్నవానిపై బడును. సంతకము చేసిన ఒప్పందపు ప్రతి చేతికందిన పిదప, కారణము చెప్పకయే విరమించుకొనుటకు మూడు దినముల గడువు కలదు. అటుపిమ్మట ఒప్పందములో వ్రాసిన షరతులే దిక్కు.

ఇండ్లకు పోటీ మెండుగా నున్నవేళ, కొందరు ఇంజనీరు పరీక్ష షరతును సైతము వదలుకొని అధికధర పలుకుదురు. అట్టి తొందరలో ఒక కుటుంబపు పదేండ్ల మిగులు నేలలోని దుంగల పాలగుటకు అవకాశము కలదు. గదుల వెలుతురును అరగంటలో చూడవచ్చును. పునాది పరీక్షాపత్రము, సంఘపు నిలువధనము లెక్కలు, గత సమావేశముల తీర్మానములు, భూమి కౌలు పత్రము, ఈ నాలుగింటిని ధర పలుకక పూర్వమే తెప్పించుకొని, తెలిసినవారిచే చదివించుకొనవలెను. ఇచ్చుటకు వెనుదీయువారి ఇంటిని విడిచి, మరియొక వీధి చూచుకొనుట మేలు.